మా నాయనను కదలొద్దన్న చైనా వైద్యం

మా నాయనకు పార్కిన్సన్స్ జబ్బు వచ్చి ఆరేళ్లయింది. చేతులు, కుడికాలు వణుకుతూనే ఉంటాయి. నంద్యాలలో ఎవరో చైనా వేడి వైద్యంతో ఆ వణుకు తగ్గిస్తున్నారని మా చిన్నాయన పోరు పెడితే, ఈ రోజు పొద్దున ఆళ్లగడ్డ నుంచి బస్సులో తీసుకెళ్లాను.

తెల్లకోటు వేసుకున్న ఒకాయన ఏదో ఎండుటాకును చుట్టలాగా చుట్టి, వెలిగించి, నాయన మోకాలి దగ్గర పట్టుకున్నాడు. గదంతా పొగ. కాలు వణికి నిప్పుకు తగిలింది. నాయన అబ్బా అన్నాడు. ఆ వైద్యుడేమో విసుక్కున్నాడు.

"ఏందీ పెద్దాయనా, ఊరికే కాలు కదిలిస్తాండావ్? కదలకుండా పెట్టుకో."

"అట్ల పెట్టుకోగలిగితే నీ కాడికి యాల వస్తానప్పా?" అన్నాడు నాయన.

ఆ మహానుభావుడికి సిగ్గు కూడా రాలేదు. డాక్టరు రాసిన మాత్రలు నెల రోజులు ఆపేస్తేనే వేడి ఒంటికి పడుతుందని నాతో చెప్పాడు. ఒక్క పూట మాత్ర తప్పినందుకే మొన్నామధ్య నాయన మంచం మీద పక్కకు తిరగలేక ఏడ్చాడు. వెంటనే నాయనను లేపుకొని బయటికొచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి మోకాలి మీద బొబ్బ లేచింది. సాయంత్రం చిన్నాయన వచ్చి దాన్ని పరీక్షగా చూశాడు. "మందు పని చేస్తాండాది. ఇంకో నాలుగు తూర్లు తీస్కపో" అన్నాడు.

ఇలాంటి చిన్నాయన మీ ఇంట్లోనూ ఉంటే, ఆయన నోరు ఎలా మూయించారో కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి.