నూనె డబ్బాలో లొబీలియా

ఈ ఉదయం గచ్చిబౌలి నర్సరీలో ఎర్రటి లొబీలియా పూలు చూడగానే బియ్యం కడిగిన నీళ్ల వాసన గుర్తొచ్చింది. మీ ఇళ్లలోనూ ఆ నీళ్లు మొక్కలకే కదా!

తొంభైల చివర్లో కొండాపూర్‌లో కిరాయికుండేవాళ్లం. నూనె డబ్బాలోని మా లొబీలియా పూత అయిపోయాక మొదలంటా ఎండిపోయింది. అయినా అమ్మ రోజూ ఆ ఉత్త మట్టికి కడుగునీళ్లు పోసేది. ఇల్లు మారే రోజు సాయం చేద్దామని నేనే మట్టిని బట్టలుతికే బండ పక్కన కుమ్మరించి, డబ్బాలో గరిటెలు సర్దాను. అమ్మ డబ్బాకేసి చూసిందంతే. రెండు దెబ్బలేసినా బాగుండేది.

రెండు నెలలకు పాతింటి ఓనరమ్మ ఆ మొక్కను సంచిలో పట్టుకొచ్చింది.

"మీ చెట్టు సావలే అక్కా, బండ కాడ మల్ల మొలిచింది. ఇగ పిల్లను తిట్టకు."

"తిట్టలేదండీ," అంటూ అమ్మ కడుగునీళ్ల గిన్నె నా చేతికిచ్చింది.