రాజలింగం సైగలు

రాజలింగం చెవులు ఏ ఏడు పోయాయో ఆయనకే తెలియదు. హిందీ రాష్ట్రాల కూలీలతో కలిసి జోల్వాలో ఇరవై ఎనిమిదేళ్లు సాంచలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపాడు. ఆ మోతలో అందరూ పెదవులు చూసి, చేతులు ఆడించి మాట్లాడుకుంటారు. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. పిడికిలి బోర్లిస్తే దారం కండె అయిపోయిందని. లేని మీసం మెలేస్తే సేఠ్ వస్తున్నాడని. అలాంటి చోట ఒకడికి చెవుడొస్తే ఎవరు కనిపెడతారు?

మోకాళ్లు పట్టేసి పన్నెండు గంటలు నిలబడలేక సాంచలు వదిలాడు. సిరిసిల్ల వైపు మనిషే అయిన ఓంప్రకాష్ ఒక యూనివర్సిటీలో కాంట్రాక్టు పనివాళ్ల సూపర్‌వైజర్. విదేశీ విద్యార్థుల హాస్టల్ మెస్‌లో వడ్డించే పని ఇప్పించాడు. మధ్యమధ్య స్టూలు మీద కూర్చోవచ్చు. అది పోతే ఆ మోకాళ్లకు ఇంకో పని లేదు.

"చెవుల ముచ్చట ఎవ్వనికీ చెప్పకు మామా. కాగితంల అన్నీ మంచిగున్నయని రాసిన," అన్నాడు ఓంప్రకాష్.

"నాకేమైందిరా? నువ్వనేది ఇనవడ్తనే ఉన్నది గదా," అన్నాడు రాజలింగం, వాడి మూతి వైపే చూస్తూ.

ఆ హాస్టల్లో పన్నెండు దేశాల పిల్లలు. వాళ్లకు హిందీ రాదు, వడ్డించేవాళ్లకు ఇంగ్లీషు రాదు. అరిచి చెబితే అర్థమవుతుందని మిగతా పనివాళ్ల నమ్మకం. రాజలింగం చేతులతో చెప్పాడు. నెల తిరక్కుండానే పిడికిలి బోర్లిస్తే పప్పు అయిపోయిందని, కత్తెర వేళ్లకు సగం రొట్టె చాలని పిల్లలందరికీ తెలిసిపోయింది. వార్డెన్ ఆడమనిషి. అయినా ఆమె వస్తుంటే మీసమే.

సాంస్కృతిక మార్పిడి విభాగం చూసే మేడమ్ మూడేళ్లుగా తెర మీద బొమ్మలు వేసి ఈ పిల్లల మధ్య స్నేహం పెంచుతోంది. ఒకరోజు టాంజానియా అమ్మాయి నీమా, ఉజ్బెక్ కుర్రాడు సైగలతో నవ్వుకుంటుంటే ఆరా తీసింది. మెస్‌లో కాకా నేర్పాడంది నీమా. దానికి మేడమ్ "నేత సంప్రదాయంలో భాషను దాటిన సంభాషణ" అని పేరు పెట్టి, అంతర్జాతీయ దినోత్సవానికి రాజలింగాన్ని వేదిక ఎక్కించింది. నెత్తిన తలపాగా, పక్కన రాట్నం. ఆయన జన్మలో రాట్నం ముట్టలేదు.

నీమా, ఆయన సైగలు చేసి చూపించారు. హాలంతా చప్పట్లు. అప్పుడు మేడమ్ మైకు నోటికి ఆనించుకుని అడిగింది.

"కాకా, ఎన్నేళ్ల నుంచి ఈ పని చేస్తున్నారు?"

మైకు వెనక పెదవులు కనిపించలేదు. రాజలింగం నవ్వి తలూపాడు. మేడమ్ మళ్లీ అడిగింది. భోజనాల వేళ కదా, వంట సంగతేమో అనుకొని పిడికిలి బోర్లించాడు. పప్పు లేదు. పిల్లలు పడీపడీ నవ్వారు. ముందు వరసలో కూర్చున్న అధికారి మాత్రం నవ్వలేదు.

"ఇతనికి వినపడదా?"

ఆ వారంలో రెండు కాగితాలు వచ్చాయి. సంభాషణలో విశేష కృషి చేసినందుకు సర్టిఫికెట్ ఒకటి. వినికిడి లేనివాడు విదేశీ విద్యార్థులతో సంభాషించలేడు గనక పని నుంచి తీసేశామని రెండోది. రెండింటి మీదా సంతకం ఒక్కరిదే. నీమా, ఇంకో ముప్పైమంది సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చారు. కాంట్రాక్టు పనివాళ్ల సంగతి సాంస్కృతిక మార్పిడి కిందికి రాదన్నారు.

మేడమ్ నిజంగానే బాధపడింది. ఈ సైగల మీద ఆమె రాసిన వ్యాసాన్ని ఏదో విదేశీ సదస్సు తీసుకుందట. ఆయన్ని పిలిపించి, కెమెరా పెట్టించి, ఈసారి మైకు లేకుండా అడిగింది.

"ఇంకేమైనా సైగలున్నాయా కాకా?"

"చాలా ఉన్నయ్ మేడమ్," అన్నాడు రాజలింగం తన సాంచల హిందీలో. "పని ఇప్పియ్యుండ్రి, అన్నీ చూపెడ్త."

మేడమ్ ఒకసారి కెమెరా వైపు, ఒకసారి గడియారం వైపు చూసింది.

"దేఖ్తే హై," అంది.

ఇరవై ఎనిమిదేళ్లలో ఎందరు సేఠ్‌ల నోట చూశాడో ఆ 'చూద్దాం' అన్న మాట. రాజలింగం లేచి, చేతులు రెండూ జేబుల్లో పెట్టుకొని గేటు వైపు నడిచాడు.