మా అప్ప ఎంచుకునే ముగింపు

మా చిన్నప్పుడు కరెంటు వచ్చిందంటే చాలు... జీడిపిక్కలు ఏరుతున్న చేతులు లంగాకి తుడుచుకుని మా అప్ప కంప్యూటర్ ముందుకి పరిగెత్తేది. అప్ప అంటే అక్క... మా ఉద్దానంలో అలాగే పిలుస్తాం.

మావయ్య పలాసలో నెట్ సెంటర్ మూసేసినప్పుడు ఆ కంప్యూటర్ మా ఇంటికి చేరింది. అందులో ఒకే ఒక్క ఆట. కత్తి పట్టిన వీరుడు, వాడి వెంట ఒక ముసలి సైనికుడు... దారి పొడవునా ఎవరో ఒకరు ఎదురై ఏదో అడుగుతారు. ఇవ్వాలా వద్దా అన్నది మన ఇష్టం. మా అప్ప అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఇచ్చేసేది. ప్రాణం నింపే మందు సీసాలన్నీ దానం చేసేసి, రాక్షసుడి దగ్గరకి ఉత్త చేతులతో వెళ్లి తన్నులు తినేది. నాకు ఒళ్లు మండిపోయేది.

చివర్లో ఆ సైనికుడు దెబ్బ తిని పడిపోతాడు. తెర మీద రెండే దారులు... నీ ప్రాణం ఇచ్చి వాణ్ణి బతికించు, లేదా వాణ్ణి వదిలేసి కిరీటం పెట్టుకో. అప్ప ఆలోచించేదే కాదు. టక్కున మొదటిది నొక్కేసేది.

"ఇన్నాళ్లు ఆడింది సావడానికేటే అప్పా? ఉత్త బొమ్మ గదా!" అని నేను ఎగిరేవాణ్ణి.

"బొమ్మైతే ఏటిరా? మన ఎనకాల ఇంత దూరం ఒచ్చినాడు. ఆడు సచ్చిపోతుంటే నాను కిరీటం ఎట్టుకుంటానేటి?"

నా వంతు వస్తే నేను మాత్రం కిరీటమే పెట్టుకునేవాణ్ణి... దర్జాగా. అప్ప నా నెత్తిన ఒక్కటి మొట్టి, మళ్లీ మొదటి నుంచి ఆడేది.

పోయిన ఏడాది అప్ప కిడ్నీలు రెండూ పాడైపోయాయి. మా ఉద్దానం వాళ్లకి ఈ మాట వివరించక్కర్లేదు... ఇంటికొకరికి ఈ జబ్బే, మా అమ్మా అలాగే పోయింది. నాది ఒకటి ఇస్తానన్నాను. "ఒద్దంటే ఒద్దు, పిల్లలున్నోడివి" అంది అప్ప. వినకుండా విశాఖపట్నం వెళ్లి పరీక్షలన్నీ చేయించుకున్నాను. బతుకులో మొదటిసారి, అప్ప నొక్కే బటనే నేనూ నొక్కుదామనుకున్నాను.

రిపోర్టులు చూసి డాక్టరుగారు, "మీవి కూడా దెబ్బతినడం మొదలైందండీ. మీరు ఇవ్వడానికి లేదు" అన్నారు.

వచ్చి అప్పకి చెప్పాను. తన సంగతి తెలిసిన రోజున కంటతడి పెట్టని మనిషి, నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "నాదెలాగూ పోనాది... నీకెందుకు ఒచ్చినాదిరా తమ్ముడా" అంటూ.

ఇప్పుడు రోజు విడిచి రోజు తనని డయాలసిస్‌కి తీసుకెళ్తున్నాను. నా చేతిలో ఉన్నది అంతే... ఆ ఆటే నయం. మంచి చెయ్యాలనుకుంటే నొక్కడానికి ఒక బటనైనా ఉండేది.

మీరూ చిన్నప్పుడు ఇలాంటి ఆటలు ఆడే ఉంటారు... ఏ ముగింపు ఎంచుకునేవారో కింద రాయండి. మెషిన్ పక్కన కూర్చుని అప్పకి చదివి వినిపిస్తాను. ఆ నాలుగు గంటలూ ఎంతకీ గడవవు...