శనివారం ఒక్కపొద్దు

మా ఇంట్లో తలనొప్పికి ఒక వారం ఉండేది. శనివారం. ఐరాల దగ్గర మా పల్లెలో అమ్మ ప్రతి శనివారం ఒక్కపొద్దు ఉండేది. పొద్దుగూకి దీపం పెట్టేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టదు. చెరుకుతోటలో పని మాత్రం ఆగదు. మధ్యాహ్నానికి ఆమె కళ్ళ ముందు మెరుపు గీతలు ఆడేవి. కాసేపటికి ఎడమ కణతలో పోటు మొదలయ్యేది. బెల్లం కాగే వాసన తగిలితే చాలు, వాంతి. తలుపు మూసి, నుదుటికి శొంఠి పట్టు వేసుకుని చీకట్లో పడుకునేది.

స్వామి పరీక్ష పెడుతున్నాడని, ఒక్కపొద్దు ఇంకా నిష్ఠగా ఉండమని నాయన వాళ్ళమ్మ, మా అవ్వ, చెప్పేది. నాకు ఒళ్ళు మండేది. పరీక్ష పెట్టడానికి ఏడుకొండలవాడికి మా అమ్మ తలకాయే దొరికిందా అని అడిగితే నాయన నవ్వేవాడు. "తలకాయ ఉండేవాళ్ళకే కదా నొప్పి, నాకు రాదు సూడు" అనేవాడు.

రానురాను నొప్పి వారం మరచిపోయి రోజూ రాసాగింది. అంగట్లో దొరికే నొప్పి బిళ్ళ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి మింగేది అమ్మ. మింగని రోజు ఇంకా ఎక్కువ నొస్తుందనేది.

నేను తిరుపతిలో బట్టల షాపులో సేల్స్‌గర్ల్‌గా చేరాక నాకూ మొదలైంది. అవే మెరుపు గీతలు, అదే పోటు, పక్క మాత్రం కుడి. అమ్మకు చెప్పలేదు. చెబితే రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టే. అదీకాక, ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఆమె నా ముఖం పట్టి చూసి, "తల నొస్తా ఉండాదా మే?" అని అడిగేది. లేదనగానే ఆమె ముఖం తేటపడేది. దాన్ని పోగొట్టడానికి నాకు మనసొప్పలేదు.

మొన్నటి ఎండాకాలంలో ఆమెను బలవంతాన తిరుపతికి పిలిపించి డాక్టరమ్మకు చూపించాను. నాకు సెలవు దొరికిన రోజు శనివారమే అయింది. డాక్టరమ్మ అంతా విని నిదానంగా చెప్పింది.

"తల చుట్టూ పట్టీ బిగించినట్టు ఉండే నొప్పి ఒక రకం. మీది అది కాదు. ఇట్లా ఒక పక్క పోటు, వాంతులు, వెలుగు గిట్టకపోవడం ఉంటే పార్శ్వపు నొప్పి, మైగ్రేన్. ఖాళీ కడుపు, ఎండ, నిద్ర చాలకపోవడం దాన్ని లేపుతాయి. పైగా రోజూ బిళ్ళలు మింగితే ఆ బిళ్ళలే ఇంకో నొప్పి తెస్తాయి."

విన్నావా అన్నట్టు అమ్మ వైపు చూశాను. గెలిచినట్టే ఉంది నాకు.

"ఇది ఎక్కువగా ఇళ్ళల్లో ఒకరినుంచి ఒకరికి వస్తుంది. మీవాళ్ళలో ఇంకెవరికైనా ఉందా?" అని అడిగింది డాక్టరమ్మ.

"నా బిడ్డకైతే లేదమ్మా" అంది అమ్మ, నేను నోరు తెరవకముందే.

ఇది జబ్బే గాని దేవుడి పరీక్ష కాదని అమ్మ నమ్మాలంటే ఇదే సమయం అనుకున్నాను.

"నాకూ ఉంది. చాలా ఏళ్ళుగా" అన్నాను.

అమ్మ నా వైపు తిరిగి చూసింది. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

పూతలపట్టులో దిగి ఐరాల బస్సు కోసం కూర్చున్నాం. మధ్యాహ్నం దాటింది. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, నా వైపు చూడకుండానే చెప్పింది.

"నాకు పోవాలని కాదు మే నేను మొక్కింది. ఈ నొప్పి మాయమ్మకు ఉండె, నాకు వచ్చె. నువ్వు కడుపులో ఉన్నప్పుడు మొక్కినాను. నా బిడ్డకు మాత్రం వద్దు సామీ, బతికినన్నాళ్ళు శనివారం ఒక్కపొద్దు ఉంటానని."

 అమ్మ పక్కనున్న టిఫిను బండి వైపు చూసింది.

ఆమే మళ్ళీ అంది. "ఆకలేస్తా ఉండాది. ఇడ్లీ చెప్పు."

"ఈ పొద్దు శనివారం మా" అన్నాను, నాకు తెలియకుండానే.

"ఇంకెందుకు మే ఒక్కపొద్దు? నీకు రానే వచ్చె."

అమ్మ శనివారాల ఒక్కపొద్దు మానాలనే ఆమెను అంత దూరం తిప్పాను. ఆమె ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకుంటుంటే చూడలేక రోడ్డు వైపు తిరిగాను.