మింగేసిన ఐదో స్వరం

ఖాదర్ బాషాకు నచ్చేలా పియానో వాయించే మనిషి చిత్తూరు జిల్లాలో ఇంకా పుట్టలేదు. ఈ మాట ఆయనే చెప్పుకుంటాడు, అదీ ఎదుటివాళ్ళ మొహం మీదే.

వయసులో ఉన్నప్పుడు పెళ్ళి బ్యాండులో పెద్ద డ్రమ్ము పక్కనే నిలబడి పదిహేనేళ్ళు బాకా ఊదాడు. తర్వాత హార్మోనియంలు, పియానోలు బాగుచేసే పనిలో కుదురుకున్నాడు. ఆస్తిపాస్తులేమీ లేవు. ఉన్నవల్లా రెండు చెవులు. అన్నం పెట్టేవీ అవే, పొగరు పెంచినవీ అవే.

ఆ ఆదివారం ఊళ్ళో సంగీతం స్కూలు వాళ్ళు పోటీకి ఆయన్నే జడ్జీగా పిలిచారు. ఈమధ్య జనానికి ఒక కొత్తరకం పియానో సంగీతం పిచ్చి పట్టింది. ఐదే స్వరాలు, చివరిది కుడి కొసన సన్నగా మోగేది. వాటినే తిప్పి తిప్పి పది నిమిషాలు వాయించాలి. వాయించేవాళ్ళంతా తీరిక వేళల్లో ఆ స్కూలు పియానో మీద నేర్చుకున్నవాళ్ళే.

ముందుగా రిటైరైన బ్యాంకు మేనేజరు గిరిప్రసాద్ వాయించాడు.

"సార్, చలానా మీద ముద్ర గుద్దినట్లు గుద్దినారు," అన్నాడు బాషా. "తిరిగిందే తిరగడం తప్పు కాదు. తిరగలీ అదే పని చేస్తాది. కానీ చుట్టు చుట్టుకూ పిండి రాలాల. మీది ఒట్టి తిరగలి. పైగా ఐదో స్వరం మింగేసినారు."

గిరిప్రసాద్ తల ఊపి స్టేజీ దిగిపోయాడు. తర్వాత వచ్చిన నలుగురికీ అదే శాస్తి. అందరూ ఐదో స్వరం మింగినవాళ్ళే. చిటికెన వేలు కదిలించడానికి కూడా ఒళ్ళొంగని సోమరులు! ప్రతి పేరు ఎదుటా 'ఐదో స్వరం లేదు' అని కసిగా గీకాడు.

చివర ఐరాల నుంచి వచ్చిన నర్సు జాహ్నవి వాయించింది.

"నీదీ అంతేనా పాపా? ఐదోది యాడ పోయింది?"

"నొక్కినాను సార్."

"నొక్కింటే నాకు ఇనపడదా? పోయిన నెల ఈ పియానోకి శ్రుతి చేసింది నేను!"

జాహ్నవి ఆ ఒక్క మెట్టే గట్టిగా నొక్కింది. బాషాకు కట్టె తగిలిన చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. హాల్లో మాత్రం అందరూ మొహాలు చిట్లించారు.

"మోగింది సార్," అంది ఆమె, రోగితో మాట్లాడినంత మెల్లగా. "శ్రుతి తప్పి ఉండాది. మీరు చేసిపోయినప్పట్నుంచీ అంతే. మీకు ఎవురూ చెప్పలేక, అందరం దాన్ని మెత్తగా నొక్కతా ఉండాం."

బాషా గిరిప్రసాద్ వైపు చూశాడు. ఆయన తల దించుకున్నాడు. ఇంతసేపూ తిట్లు తిన్నవాళ్ళంతా తన పరువు కాపాడుతున్నారని బాషాకు అప్పుడు అర్థమైంది. కాగితం మీద ఐదుగురి ఎదుటా రాసింది కొట్టేశాడు.

"మిగతా నాలుగు స్వరాలూ దరిద్రంగానే వాయించినారు," అన్నాడు. ఎవరూ నవ్వలేదు, ఎవరికీ కోపమూ రాలేదు.

సంచీలోంచి శ్రుతి చేసే తాళంచెవి తీసి, పియానో మూత ఎత్తి, ఆ తీగ బిగించాడు.

"ఇంకోసారి నొక్కు పాపా."

ఆమె నొక్కింది. శ్రుతి కుదిరిందో లేదో తెలుసుకోవడానికి బాషా ఎదుట కూర్చున్నవాళ్ళ ముఖాల్లోకి చూశాడు.