గడ్డిలో ఉంగరం

గుర్రాలశాలలో మేత వేసే పెద్దాయన తన పెళ్లి ఉంగరం గడ్డిలో పోగొట్టుకున్నాడనీ, పాతికేళ్లుగా దాన్నే వెతుకుతున్నాడనీ అక్కడ అందరూ చెప్పుకుంటారు. ఆయన వాలకం చూస్తే నమ్మాలనే అనిపిస్తుంది. తెల్లారగానే గోనెపట్టా మీద గడ్డి పరిచి, కళ్లు సగం మూసుకుని, పిడికెడు పిడికెడుగా వేళ్ల మధ్య నుంచి జారవిడుస్తాడు. గుర్రాలు ఆకలికి గిట్టలు నేలకేసి కొడుతున్నా తొందరపడడు. "వస్తున్నానమ్మా, కాస్త ఓర్చుకో" అంటాడు, కూతురికి చెప్పినట్టు.

మొన్న స్వారీ నేర్చుకునే అమ్మాయి తన ఎర్రగుర్రం కోసం పార్కులో కోసిన పచ్చగడ్డి మూట తెచ్చింది. ఆయన దాన్ని లాక్కుని పట్టా మీద కుమ్మరించాడు. "నీ ఉంగరం ఇందులోకి ఎలా వస్తుంది తాతా?" అని నవ్విందా పిల్ల. ఆయన వేళ్లు ఒకచోట ఆగాయి. సన్నగా, పొడుగ్గా, దళసరిగా ఉన్న ఆకులు నాలుగు పైకి తీశాడు. "గన్నేరు. ఇవి తింటే నీ గుర్రం ఇక లేవదు తల్లీ." పిల్ల ముఖం పాలిపోయింది. ఆయన ఆ మూటంతా చెత్తలో పోయించి, తాను ఏరిన గడ్డి ఆమె చేతికిచ్చి, గుర్రం నమిలే చప్పుడు వింటూ హాయిగా గోడకు చేరగిలబడ్డాడు.

ఉంగరం ఏనాడూ పోలేదు. అది వేలికి ఉంటే ఆకు తగిలినా తెలియడం లేదని, పనిలో చేరిన వారానికే తీసి భార్యకిచ్చాడు.