ఇంజనీరు బిగించిన వైర్లు

ఆ వీధిలో అందరూ ఆయన్ని ఇంజనీరు అనే పిలిచేవాళ్ళు. చదువు చూసి కాదు. ఆయన ఓ గోడౌన్‌లో సామాన్ల లిఫ్టు నడిపేవాడు. కాస్త సెలవు దొరికితే చాలు, ఇంటి ముందున్న పాత కారు బానెట్ ఎత్తి అందులో తల దూర్చేవాడు. కంపెనీవాళ్ళు ఇచ్చినవేవీ ఆయనకి ఆనలేదు. రెండో హారను పెట్టాడు. డాష్‌బోర్డు కింద నీలం లైట్లు పెట్టాడు. రివర్స్ చేస్తుంటే పాట పాడే పెట్టె ఒకటి, వెనక గుండెలదిరే స్పీకర్లు, వాటికి ముందు సీటు కింద ఓ ఆంప్లిఫయరు. అన్నీ సొంత చేతులతో బిగించినవే. పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం ఛాతీలో పట్టేసినట్టుందన్నాడు. ఆసుపత్రి మెట్లెక్కుతూనే కూలబడి మళ్ళీ లేవలేదు.

ఆయన భార్య లాడ్జీల దుప్పట్లు ఇంట్లోనే ఉతికి ఇస్త్రీ చేసి పంపేది. ఆయన ఉన్నప్పుడు డ్యూటీకి వెళ్తూ దారిలో ఆ మూటలు దింపేవాడు. ఇప్పుడు ఆ పనీ ఆమె నెత్తినే పడింది. డ్రైవింగు ఎప్పుడో ఆయన దగ్గరే తిట్లు తింటూ నేర్చుకుంది. ఆయన పొడగరి, ఈమె పొట్టి. సీటు ముందుకి లాక్కుని, వీపు వెనక ఓ దిండు పెట్టుకుని, పళ్ళబిగువున నడిపేది.

ఇంట్లో ఉండేది ఆమె, ఆడపడుచు, ఇద్దరే. ఆడపడుచు మందుల షాపులో కౌంటర్ దగ్గర పనిచేస్తుంది. ఈడొచ్చినా అన్నకి చిట్టే, వదినకీ చిట్టే. అన్న పోయాక కారు అద్దాలు తుడవడం చిట్టి పనయింది. ఎవరూ చెప్పలేదు, తనే తుడుస్తుంది.

ఎండలు ముదిరాక కారు మొరాయించడం మొదలుపెట్టింది. సాయంత్రం బాగానే ఉంటుంది, తెల్లారేసరికి బ్యాటరీ చచ్చిపోయుంటుంది. వీధిలోవాళ్ళు తోసేవాళ్ళు. మొదట్లో చేతులు కలిపి తోశారు, తర్వాత ఓ మాట విసురుతూ తోశారు, ఆ తర్వాత ఆమె గేటు తీసిన చప్పుడు వింటే లోపలికి జారుకోవడం మొదలుపెట్టారు. వాళ్ళని మాత్రం ఏమంటాం, పొద్దున్నే ఎవరి తిప్పలు వాళ్ళవి.

షెడ్డు మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన బానెట్ ఎత్తి, ఒక్కసారి లోపలికి చూసి, మెల్లగా మూసేశాడు.

"దీన్ని ముట్టుకోనమ్మా. ఏమీ అనుకోకు. మీ ఆయన ఏ వైరు ఎక్కణ్ణుంచి ఎక్కడికి లాగాడో ఆయనకే ఎరుక. ఒకటి పీకితే ఇంకోటి పోతుంది, మళ్ళీ నన్నంటావు."

"మరి నేనేం చెయ్యను అన్నయ్యా?"

"రోజూ సాయంత్రం బ్యాటరీ వైరు ఊడదీసెయ్. పొద్దున్నే పెట్టుకో. బండి నడుస్తుంది."

అలాగే చేసింది. బాత్రూం గొళ్ళెం పెట్టినంత మామూలుగా బ్యాటరీ వైరు ఊడదీయడం అలవాటైంది. కొన్నాళ్ళు గడిచాయి కూడా. ఒకరోజు మూటలు వేసుకుని పెద్ద రోడ్డెక్కింది. ఓ గుంతలో కారు ఎగిరిపడింది. సీటు కింద నుంచి చిటపటమని చప్పుడు, వెంటనే రబ్బరు కాలిన వాసన, కాళ్ళ మధ్య నుంచి పొగ. ఎలా ఆపిందో, ఎలా దిగిందో ఆమెకే తెలీదు. చీర కొంగు చేతికి చుట్టుకుని బ్యాటరీ వైరు లాగేసింది. పొగ ఆగింది. వెనకాలవాళ్ళు హారన్లు కొడుతుంటే, రోడ్డు పక్కన బానెట్‌కి చేతులానించి కాసేపు అలాగే నిలబడింది.

కారుని ఇంటికి తోయించి, మూటలు ఆటోలో లాడ్జీకి తీసుకెళ్ళింది. దుప్పట్లు కాల్లేదు. కానీ అన్నిటికీ ఆ వాసన పట్టేసింది. లాడ్జీ మేనేజరు ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇవెలా పరుస్తామండీ?" అన్నాడు. తప్పేమీ లేదు, ఆమె ముక్కుకీ తెలుస్తూనే ఉంది. మూటలన్నీ వెనక్కి తెచ్చి మళ్ళీ నానబెట్టింది. అంతకుముందు రోజంతా నడుం విరిగేలా ఉతికినవే. బకెట్ ముందు కూర్చుంటే ఏడుపు రాలేదు. ఏడవాలన్నా కాస్త ఓపికుండాలి.

ఆదివారం పొద్దున్నే మేస్త్రీ దగ్గర ఓ టెస్ట్ లాంపు అడిగి తెచ్చుకుంది. చిన్న బల్బు, రెండు తీగలు, అంతే. ఎలా వాడాలో ఆయనే చెప్పాడు. బ్యాటరీ నుంచి ఊడదీసిన వైరుకీ, ఆ వైరు కూర్చునే చోటుకీ మధ్య దీన్ని పెట్టాలి. కారులో అన్నీ ఆపేసి, లోపలి బల్బు కూడా తీసేశాక ఇది వెలుగుతూ ఉంటే, ఎక్కడో ఏదో కరెంటు తాగుతోందన్నమాట. ఆ తాగేదాన్ని ఊడదీసినప్పుడు ఆరిపోతుంది.

బల్బు భేషుగ్గా వెలిగింది. ఫ్యూజులన్నీ ఒక్కొక్కటే పీకింది. ఆరలేదు. అంటే ఫ్యూజుల దాకా రాకుండా, బ్యాటరీ నుంచి దొడ్డిదారిన లాగిన వైరేదో ఉంది. ఇంకేముంది, ఇంజనీరు పనే. స్క్రూడ్రైవరు తీసుకుని డాష్‌బోర్డు విప్పడం మొదలుపెట్టింది. రెండో హారను స్విచ్ పీకింది. నీలం లైట్లు పీకింది. పాట పెట్టె పీకింది. వరండాలో ఓ ప్లాస్టిక్ టబ్బు నిండుతోంది.

కూరగాయల సంచితో వచ్చిన చిట్టి గేటు దగ్గరే ఆగిపోయింది.

"వదినా, ఏం చేస్తున్నావ్?"

"చూస్తున్నావుగా."

"అన్నయ్య చేతిపనంతా పీకేస్తావా? వాడివని మిగిలినవే ఇవి."

"మిగిలింది కాలుతోంది చిట్టీ. కాళ్ళ కింద."

"ఒక్క వైరు పాడైతే అన్నీ పీకాలా? నీకు మొదట్నుంచీ ఇవంటే పడదు."

ఆమె స్క్రూడ్రైవరు కింద పెట్టింది. "పడదు. ఒక్కసారైనా అడిగాడా నన్ను, నీలం లైట్లు కావాలా అని? ఆదివారమంతా ఆయన ఇక్కడ కూర్చుని పాటలు వినేవాడు. నేను పెరట్లో దుప్పట్లు పిండేదాన్ని. వాషింగ్ మెషిన్ మోటారు బాగుచెయ్యమని ఎన్నిసార్లు అడిగాను? చేస్తా చేస్తా అంటూనే పోయాడు. ఈ కారుకి అన్నీ చేశాడు."

ఆయన పోయాక ఆయన మీద ఆమె కోపంగా మాట్లాడటం అదే మొదటిసారి. అనేశాక భయమేసింది. చిట్టి సంచి వంటింట్లో పెట్టి, తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఆమె మళ్ళీ వంగింది. కాసేపటికి ఏమీ అర్థంకాకుండా పోయింది. అన్ని రంగుల వైర్లూ ఒకే మూలకి పోయి, ఒకే నల్ల టేపులో దూరి, ఎక్కడో మాయమవుతున్నాయి. మెడ పట్టేసింది. వేలికి గీసుకుని రక్తం వచ్చింది. తల ప్రాణం తోకకొచ్చి, కారు నేలమీదే కాళ్ళు బయటపెట్టి కూర్చుండిపోయింది.

"ఎర్రది కాదు. పచ్చది చూడు."

చిట్టి. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. చేతిలో టార్చి ఉంది.

"నీకేం తెలుసు?"

"ఇవన్నీ బిగిస్తున్నప్పుడు టార్చి పట్టింది ఎవరనుకున్నావ్? కాస్త కదిలితే తిట్టేవాడు, కుదురుగా పట్టవే కోతీ అని. ఆ లావు పచ్చది బ్యాటరీ నుంచి సీటు కిందకి పోతుంది. ఆంప్లిఫయరుకి. ఫ్యూజు పెట్టన్నయ్యా అంటే, ఇంజనీరుకే చెబుతావా అన్నాడు."

వదినకి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంది కానీ ఆగలేదు. చిట్టి ముందు మూతి ముడిచి, తర్వాత తనూ నవ్వింది.

ఇద్దరూ సీటు బోల్టులు విప్పారు. అవి తుప్పుపట్టి ఓ పట్టాన కదల్లేదు. పానా మీద చిట్టి కాలు పెట్టి తొక్కితే గానీ రాలేదు. సీటు ఒక పక్కకి వాల్చి, కార్పెట్టు ఎత్తి చూస్తే దొరికింది. సీటుతోపాటు జరిగే ఇనప పట్టా కింద ఆ పచ్చ వైరు నలిగి, పైతొడుగు చీలి, లోపలి రాగి కనబడుతోంది. చుట్టూ కార్పెట్టు నల్లగా మాడింది. చిట్టి వైరుని పట్టా కింద నుంచి లాగింది. ముందు బానెట్ దగ్గర బల్బు ఆరిపోయింది.

"అన్నయ్య సరిగ్గానే లాగాడు," అంది చిట్టి మెల్లగా. "వాడి సీటు ఎప్పుడూ వెనక్కే ఉండేది. పట్టా ఇక్కడిదాకా వచ్చేదే కాదు."

వదిన మాడిన కార్పెట్టుని వేలితో తడిమింది. సీటు ముందుకి లాక్కున్నది తనే. కాళ్ళందకపోతే ఏం చేస్తుంది?

"నిన్ననడం లేదు," అంది చిట్టి.

"తెలుసు. ఫ్యూజు పెట్టుంటే కాలేది కాదు, అదీ నిజమే."

పచ్చ వైరుని బ్యాటరీ దగ్గర నుంచి ఊడదీసి మొత్తం చుట్ట చుట్టేశారు. ఆంప్లిఫయరు టబ్బులోకి పోయింది. ఫ్యూజులన్నీ మళ్ళీ పెట్టి, సీటు బిగించేసరికి ఇద్దరి ఒళ్ళూ హూనమైంది. స్విచ్చులున్న చోట డాష్‌బోర్డుకి కన్నాలు మిగిలాయి. టబ్బుని చిట్టి తన మంచం కిందకి తోసుకుంది. వదిన వద్దనలేదు.

మర్నాడు కారు ఒక్క తిప్పుకే స్టార్టయింది. అంతమాత్రాన బతుకేమీ తేలికపడలేదు. దుప్పట్లు దుప్పట్లే, ఇస్త్రీ ఇస్త్రీయే. చేతులు కడిగితే వేళ్ళు బియ్యంలో నానినట్టు తెల్లగా ముడతలు. కానీ ఆ వారంలోనే చిట్టి అడిగింది, "నాకు నేర్పుతావా?" అని. వదిన తిట్లు తిట్టకుండా నేర్పింది, ఒకటి రెండు సార్లు మినహా. వానలు మొదలయ్యేసరికి షాపుకి వెళ్ళేముందు మూటలు దింపే పని చిట్టి తీసుకుంది.

మొదట్లో పక్కన కూర్చున్న వదిన, లేని బ్రేకుని కాలితో తొక్కుతూనే ఉండేది. ఓ రోజు వీధి మలుపు తిరక్కుండానే నిద్రపోయింది. కళ్ళు తెరిచేసరికి కారు లాడ్జీ వెనక ఆగి ఉంది, వెనక సీటు ఖాళీగా ఉంది, చిట్టి చెమటలు కక్కుతూ డోరుకి ఆనుకుని నీళ్ళు తాగుతోంది.

"అన్నీ నువ్వే మోశావా? లేపొచ్చుగా!"

"లేపాను," అంది చిట్టి. "నువ్వు లేవలేదు."